రెండో మలుపు దగ్గర నేల

ఆఫీసు కాగితాల్లో ఆయన ఉద్యోగానికి పొడుగాటి పేరేదో ఉండేది. రేస్‌కోర్సులో మాత్రం గేటు కాపలావాడి నుంచి గుర్రాల యజమానుల దాకా అందరికీ ఆయన గడ్డిమేస్త్రి. గుర్రాలు పరిగెత్తే పచ్చికబాటను ముప్పై ఒక్క ఏళ్లుగా సాకుతున్న మనిషి. పొద్దున్నే, గుర్రాలు కసరత్తుకి రాకముందే, అంగుళాల గీతలున్న ఇనుపకడ్డీ పట్టుకుని బాటంతా ఒక చుట్టు నడిచేవాడు. ఇరవై అడుగులకోసారి కడ్డీని నేలలో గుచ్చి, ఎంత దిగిందో చూసి, ఎక్కడ నీళ్లు పెట్టాలో ఎక్కడ ఆపాలో పనివాళ్లకి చెప్పేవాడు. లోపలి వైపు తెల్లకంచెను రెండు వారాలకోసారి నాలుగడుగులు జరిపించి, తొక్కిళ్లు పడ్డ గడ్డిని తేరుకోనిచ్చేవాడు.

"మా బావ గడ్డితోనే బతికాడు గానీ ఒక్కరోజూ గడ్డి తినలేదు" అని ఆయన బావమరిది కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. గుర్రప్పందాల మధ్య అన్నేళ్లు మసలి ఒక్క పందెమూ కాయని మనిషి గురించి ఆ మాట అనడంలో తప్పేమీ లేదు.

వాళ్ల ఇల్లు రేస్‌కోర్సు వెనక గేటుకి పది నిమిషాల నడక. రెండు గదులు. ముందుగదిలో కిటికీ కింద ఆయన భార్య కుట్టుమిషను. జాకీలు వేసుకునే రంగురంగుల చొక్కాలు ఆవిడే కుట్టేది. ఒక్కో యజమానికి ఒక్కో రంగు, ఒక్కో గుర్తు. ఆ గుడ్డ చేతిలో నిలవదు, చేపపిల్లలా జారిపోతుంది. ఇరవై ఏళ్లుగా దాన్ని లొంగదీసుకున్న ఆవిడ ఒక్క రేసు కూడా చూడలేదు. చొక్కా కుట్టాక దాన్ని వేసుకున్నవాడు పడతాడో గెలుస్తాడో చూస్తూ కూర్చునే గుండె తనకు లేదనేది.

ఆ రోజుల్లో ఊరంతటి నోటా ఒకటే పేరు, ఎర్రపిల్ల. అసలు పేరు వేరే ఉంది గానీ, ఇటుకరంగు ఒంటితో, ఒక కాలికి తెల్లమేజోడు తొడిగినట్టుండే ఆ ఆడగుర్రాన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు. రెండేళ్లలో ఆరు రేసులు, ఆరూ గెలిచింది. ఆరే ఎందుకన్నదే ఊరి బాధ. దాని ట్రైనరు బక్కపలచని మనిషి, అరవై దాటినవాడు. గుర్రాన్ని ఏ రేసుకి దింపుతారని ఎవరడిగినా "రేపు చూద్దాం" అనేవాడు. ఎండ ఎక్కువగా ఉందని ఒకసారి, ప్రయాణం దూరమని ఒకసారి, అది దాణా సరిగ్గా తినలేదని ఒకసారి ఆపేశాడు. జనం ఆయనకు రేపుచూద్దాంగారు అని పేరు పెట్టారు. ఆయనకు తెలుసు, పట్టించుకోలేదు.

సీజనులో అన్నిటికన్నా పెద్ద రేసుకి ఎర్రపిల్ల పేరు ఇచ్చారని తెలిసిన ఆదివారం, బావమరిది ఎప్పటిలాగే అక్కగారింటికి భోజనానికి వచ్చాడు. సిటీబస్సులో కండక్టరు. ఆరు రోజులు బస్సులో విన్న మాటలన్నీ ఏడో రోజు ఆ ఇంట్లో దింపేవాడు.

"పేరైతే ఇచ్చాడు. దింపుతాడని ఏంటి నమ్మకం?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"నమ్మకం ఏమీ లేదు" అన్నాడు గడ్డిమేస్త్రి.

"ఇదే మరి. ఏడాదికి మూడు రేసులేంటి బావా? మా డిపోలో బస్సుని షెడ్డులోనే పెట్టుకుంటే దానికి ఏ రోగమూ రాదు. ఎవర్నీ ఇంటికి చేర్చదు కూడా."

"బస్సుకి మోకాళ్లు లేవుగదరా."

"ఉన్నాయి. నాకున్నాయి, డ్రైవరుకున్నాయి. మేం రోజూ ఎక్కట్లేదా?"

మిషను దగ్గర్నుంచి అక్క నవ్వింది. ఆవిడ ఒళ్లో పసుపు రంగు చొక్కా, దానికి గోధుమరంగు చేతులు. పెద్ద రేసుకని ఎర్రపిల్ల యజమాని కొత్తగా కుట్టించుకుంటున్నది అదే.

విశ్రాంతి విలువ గడ్డిమేస్త్రికి ఒకరు చెప్పాలా, కంచె జరపడమే ఆయన పని. కానీ లోపల ఆయనకూ ఒక కోరిక ఉంది. ఆ సీజను ఆఖరున ఆయన ఉద్యోగం అయిపోతుంది. వెళ్లిపోయేలోగా, తను పెంచిన పచ్చిక మీద, ఊరంతా చూస్తుండగా ఆ గుర్రం ఆ రేసు పరిగెత్తాలి. ఆ సంగతి భార్యతో కూడా అనలేదు. ఆవిడ కనిపెట్టింది లెండి. ఆ నెలలో ఆయన పచ్చికను చూసుకున్న తీరు అలా ఉంది.

రేసు వారంలో మూడు రోజులు వాన పట్టింది. తర్వాత రెండు రోజులు ఎండ మాడ్చేసింది. ఆ రెండో రోజే శనివారం, మర్నాడు రేసు. పొద్దున్నే కడ్డీతో నడుచుకుంటూ వచ్చిన గడ్డిమేస్త్రి రెండో మలుపు దగ్గర ఆగిపోయాడు. కంచెకి ఏడెనిమిది అడుగుల దూరంలో కడ్డీ పైన కాస్త తన్నిపెట్టి, తర్వాత ఒక్కసారిగా జానెడు లోతుకి దిగిపోయింది. పైన పెచ్చు కట్టింది, కింద పట్టు లేదు. పది గజాల మేర అంతే. మిగతా బాటంతా అద్దంలా ఉంది. పైవాళ్లకి చెప్తే, ఆ కాస్తకి ఏమవుతుందన్నారు. గేటు దగ్గర బోర్డు మీద నేల బాగుందనే రాశారు. మొత్తం మీద చూస్తే అది అబద్ధమూ కాదు.

ఆయన మళ్లీ ఆ మలుపు దగ్గరికి వచ్చి చూస్తుండగా ఎర్రపిల్ల ట్రైనరు నడుచుకుంటూ వచ్చాడు.

"బోర్డు చూశాను. ఎలా ఉంది మేస్త్రీ?"

బాగానే ఉందండీ అంటే సరిపోయేది. బోర్డు మీద ఉన్నదే తనూ అన్నట్టు అవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

"అంతా బాగుంది. ఇక్కడ మాత్రం పట్టు లేదండీ" అని కడ్డీ గుచ్చి చూపించాడు.

ట్రైనరు వంగి, మడమతో నొక్కి చూశాడు. పెచ్చు విరిగి బూటు సగం దిగింది. "మీరైతే ఏం చేస్తారు?"

"గుర్రం నాది కాదుగదండీ."

"అందుకే అడుగుతున్నా."

గడ్డిమేస్త్రి కడ్డీని పైకి లాగాడు. "నా సంగతి అడిగితే, అది పరిగెడితే చూడాలని ఉంది. చాలా ఉంది. కానీ మీరు ముందు అడిగింది నేల గురించి."

ట్రైనరు తలూపి, బూటు గడ్డికి తుడుచుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా బోర్డు మీద ఎర్రపిల్ల పేరు కొట్టేశారు.

ఊరు మండిపడింది. ఎవరి ద్వారా పాకిందో గానీ, గడ్డిమేస్త్రి మాట మీదే గుర్రాన్ని ఆపారని కూడా తెలిసిపోయింది. రేసు జరిగింది. తొమ్మిది గుర్రాలు పరిగెత్తాయి. రెండో మలుపు దగ్గర జాకీలు కాస్త ఎడంగా తిప్పుకున్నారు. ఒక్కటీ జారలేదు. బూడిదరంగు గుర్రమొకటి ఆడుతూ పాడుతూ గెలిచింది.

ఆ సాయంత్రం బావమరిది వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కటైనా జారిందా బావా?"

"లేదు."

"మరి?"

"మరేముంది, జారలేదు."

"ఊళ్లో నేను తలెత్తుకోలేకపోతున్నా. నిన్న బస్సులో టికెట్టు అడిగితే, మీ బావ ఒప్పుకున్నాడా బస్సు కదలడానికి అన్నారు."

ఆ మాటకి గడ్డిమేస్త్రికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. ఆయన భార్య దారం కొరికి మిషను ఆపింది.

"నువ్వొకసారి వెనకతలుపు గడియ పడట్లేదని బస్సు ఆపేశావు గుర్తుందా? అరవైమంది తిట్టుకుంటూ దిగారు. ఆ రోజు ఎవరైనా పడ్డారా?"

"బస్సు కదిల్తే కదా పడటానికి."

"మరి నువ్వు మీ బావనేం అడుగుతున్నావు?"

అతను చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఓడిపోలేదు మాత్రం. "తలుపు వేరక్కా. దాన్ని మర్నాడు బాగుచేశారు, బస్సు మళ్లీ తిరిగింది. గుర్రానికి అలా కాదు. మహా అయితే ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత దాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుని ఏం చేసుకుంటాడు? దానికి పరిగెత్తే ఈడు ఇదే."

ఆ మాట గడ్డిమేస్త్రికి తగిలింది. "అది నిజమేరా" అన్నాడు. ఒప్పేసుకునేసరికి బావమరిదికి వాదించడానికి ఏమీ మిగల్లేదు. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు.

సోమవారం గడ్డిమేస్త్రి ఇద్దరు పనివాళ్లతో ఆ మలుపు తవ్వించాడు. మూడడుగుల లోతున, తను ఉద్యోగంలో చేరకముందు వేసిన నీటిగొట్టం పగిలి ఉంది. వాన నీళ్లు పోయే దారి లేక అక్కడే ఊరుతున్నాయి. కొత్త గొట్టం వేసి, కంకర, ఇసుక, మట్టి వరసగా నింపి, పైన పచ్చిక పలకలు అతుకు కనపడకుండా పరిచాడు. మూడు రోజుల పని. అంత ఇష్టంగా ఒక పని చేసి చాలాకాలమైందని ఇంట్లో చెప్పాడు.

రెండో రోజు ట్రైనరు వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ పని చూశాడు.

"మా బావమరిదికి మీ మీద కోపంగా ఉందండీ" అన్నాడు గడ్డిమేస్త్రి. తలుపు సంగతి, ఈడు సంగతి అన్నీ చెప్పాడు.

ట్రైనరు శ్రద్ధగా విన్నాడు. "అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ ఒకటుంది మేస్త్రీ. మామూలు గుర్రం కాలు నొప్పి పుడితే జోరు తగ్గిస్తుంది. దీనికి తగ్గడం తెలీదు. ప్రాణం పోతున్నా ముందుకే. దానికి తెలియనిది దాని బదులు నేను తెలుసుకోవాలి." లేచి బట్టలు దులుపుకుంటూ అన్నాడు: "ఆ రోజు దింపితే గెలిచేదేమో. ఆ ఏమో అన్నది నన్ను వదలదు. మోసుకు తిరగాల్సిందే."

ఆయనకూ ఆ బెంగ ఉందని గడ్డిమేస్త్రికి అప్పుడే తెలిసింది. మనసు తేలికపడింది.

ఏడు వారాల తర్వాత, ఒక బుధవారం మధ్యాహ్నం, పేరు పెద్దగా లేని రేసులో ఎర్రపిల్ల దిగింది. గడ్డిమేస్త్రి ఉద్యోగానికి అదే ఆఖరి వారం. స్టాండులో సగం కుర్చీలు ఖాళీ. బావమరిది డ్యూటీ మార్చుకుని వచ్చాడు. విచిత్రమేమిటంటే అక్క కూడా వచ్చింది. "ఈసారికి చూస్తా. చొక్కా భుజం దగ్గర బిగుతైందేమోనని అనుమానం" అంది. ఆ అనుమానం ఆవిడకు లేదని ఇద్దరికీ తెలుసు.

ముగ్గురూ స్టాండుకి పోకుండా రెండో మలుపు దగ్గర లోపలి కంచెకి ఆనుకుని నిలబడ్డారు. ముందు నేల అదిరింది. తర్వాత గుర్రాలు వచ్చాయి. ఎర్రపిల్ల మూడోది, కంచెకి దగ్గరగా, కొత్తగా పరిచిన పచ్చిక మీదుగానే వచ్చింది. పసుపు చొక్కా గాలికి ఉబ్బింది. ఒక్క క్షణం దాని ఊపిరి మొహాలకి కొట్టినట్టయింది. గడ్డిమేస్త్రి గుర్రాన్ని చూడలేదు, గిట్టలు పడ్డ చోటు చూశాడు. నేల పట్టు వదల్లేదు. ఆయన తలెత్తేసరికి అది ముందున్న రెంటినీ దాటేస్తోంది.

గెలుపు అరగుర్రం పొడుగు మాత్రమే. అయినా గెలుపే.

"భుజం సరిగ్గానే ఉంది" అంది ఆవిడ, పైటతో కళ్లు తుడుచుకుంటూ.

"చూశావా బావా, ఆ రోజు దింపినా గెలిచేది" అన్నాడు బావమరిది.

"గెలిచేదేమో."

"ఏమో కాదు."

"సరే, కాదు."

రేసులన్నీ అయ్యాక గిట్టలు లేపిన మట్టిపెళ్లల్ని తిరిగి గుంటల్లో పెట్టి తొక్కాలి. పనివాళ్లు అటు చివర మొదలుపెట్టారు. ఇటు చివర గడ్డిమేస్త్రి ఒక్కడే వంగి ఒక్కో పెళ్లా సర్దుతుంటే, భార్య చెప్పులు చేత్తో పట్టుకుని పచ్చిక మీదకి దిగింది.

"ఎలా తొక్కాలి?"

"మడమతో కాదు, పాదమంతా ఆనించు. మెల్లిగా."

బావమరిది ప్యాంటు పైకి మడిచి తనూ వచ్చాడు. ఎంత మెల్లిగా అని ఒకటే సందేహాలు. మాట్లాడుకుంటూ, తొక్కుకుంటూ ముగ్గురూ మలుపు దాకా వెళ్లారు. ఎండ తగ్గింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ పనికి ఇంట్లోవాళ్లు తోడు రావడం అదే మొదటిసారి. ఇంకో రెండు రోజులు ఉద్యోగం ఉంది, ఆ తర్వాత ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. అనుకోవాలనీ అప్పుడు అనిపించలేదు ఆయనకు. పాదాల కింద గడ్డి చల్లగా ఉంది.