పిన్ని కొన్న హెడ్‌సెట్

పొద్దున్నే మా పిన్ని దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ జోడించిన చేతులనే విడదీసి చెవుల దగ్గరికి తెచ్చుకునేది. బొటనవేలితో చూపుడువేలిని రుద్దుతూ ముందు కుడిచెవికి, తరువాత ఎడమచెవికి వినిపించుకునేది. ఆ సన్నని గరగర రెండువైపులా వినబడితే "ఇవాళ్టికి ఇచ్చావు తండ్రీ, చాలు" అని లేచి కాఫీ పెట్టుకునేది.

చిన్న విమానాలు నడపడం నేర్పే బడిలో ఆమె పంతులమ్మ. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే భుజాలు రాసుకునే విమానాలవి. ముక్కున పంకా, దాని వెనకే ఇంజను, ఆ ఇంజను వెనకే మనిషి. ఆ రొదలో కూర్చుని ఎంతమందికి రెక్కలొచ్చేలా చేసిందో ఆమెకే లెక్క తెలియదు.

తల సగం నెరిసిన ఏడాది, ఎడమచెవి దగ్గర గరగర వినబడడం మానేసింది. డాక్టరు పరీక్షించి, "ఇప్పటికి విమానం నడపడానికి అభ్యంతరం లేదమ్మా. ఈ రొద ఇలాగే తగిలితే మాత్రం మిగిలింది కూడా పోతుంది" అన్నాడు. పిన్ని ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పలేదు. అయినా బాబాయి కనిపెట్టాడు. ఆయన దర్జీ. మనిషి ఏ భుజం దించి నడుస్తాడో చూసి కొలత పట్టే కళ్ళాయనవి. మర్నాటి నుంచి భోజనాల బల్ల దగ్గర తన కుర్చీని ఆమె కుడిపక్కకు మార్చుకున్నాడు. ఎందుకని అడిగితే "ఇటు ఫ్యాను గాలి బాగా తగులుతోంది" అన్నాడు. ఫ్యాను బల్లకు సరిగ్గా నడిమధ్యన తిరుగుతోంది.

పిన్ని పెట్టుకునే హెడ్‌సెట్ ఆమెకు నేర్పిన గురువుగారిది. తలను పటకారులా పట్టుకునేది, చెవుల మీద ఆనే దిండ్లు అట్టముక్కల్లా గట్టిపడిపోయాయి. రొదను అణిచే కొత్తరకం కొందామనుకుంది. వాటి లోపలి చిన్న మైకు ఇంజను రొదను విని, దానికి ఎదురు శబ్దం పుట్టించి దాన్ని చల్లారుస్తుంది.

బడి నడిపే పెద్దసారుకు ఈ మాట నచ్చలేదు.

"చెవులకు దుప్పటి కప్పుకుని పాఠం చెబుతారా మేడమ్? ఇంజను దగ్గితే మీకేం వినబడుతుంది? హాయిగా క్లాసురూములో బోర్డు మీద చెప్పుకోండి. ఫ్యానుంది, కుర్చీ ఉంది."

"ఫ్యానూ కుర్చీ మా ఇంట్లోనూ ఉన్నాయి సార్. వాటికోసం నేనింత దూరం రావట్లేదు."

పెద్దసారు చెడ్డవాడేమీ కాదు. వానొస్తే విద్యార్థుల సైకిళ్ళను తానే తడుస్తూ లోపలికి తోసేవాడు. ఆయన భయం ఆయనది. పిన్నికి మాత్రం రెండువైపులా గొయ్యే. పాతది పెట్టుకుంటే చెవి పోతుంది, కొత్తది పెట్టుకుంటే సీటు పోతుంది.

"అయితే పరీక్ష పెట్టండి," అంది పిన్ని. "కొత్తది తగిలించుకుని కళ్ళు మూసుకుంటాను. ఇంజనును మీరేం చేస్తే అది చెబుతాను."

"తప్పితే?"

"తప్పితే సుద్దముక్క ఇవ్వండి."

హెడ్‌సెట్లు అమ్మే కొట్టుకు వెళ్తే, కొట్టతను ఓ మంచిదాన్ని ఆమె తలకు పెట్టి, స్పీకరులో ఇంజను చప్పుడు వినిపించి మీట నొక్కాడు. రొద మాయమైంది.

"చూశారా మేడమ్? ధ్యానంలో కూర్చున్నట్టు లేదూ!"

"ధ్యానం ఇంట్లో చేసుకుంటాలే బాబూ. దీన్ని విమానంలో పెట్టుకుని చూడాలి."

"పెట్టె విప్పి వాడితే తిరిగి తీసుకోమండీ."

"చెప్పులు కాళ్ళకి తొడుక్కోకుండా కొంటావా నువ్వు?"

అని అక్కడే స్టూలు మీద కూర్చుంది. వచ్చిన ప్రతివాణ్ణీ "అసలు ఇంజను దగ్గర పెట్టుకుని చూశారా? చూడనివ్వరట" అని పలకరించడం మొదలుపెట్టింది. కాసేపటికే అతను చేతులెత్తేశాడు. "అమ్మా, మీకో నమస్కారం. రెండ్రోజులు వాడి చూడండి. నా బేరాలు మాత్రం చెడగొట్టకండి." అంతలా విసుక్కున్నవాడు, ఆమె మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి బ్యాటరీలు ఇంకో జత చేతిలో పెట్టాడు.

గాలిలోకి లేచాక చూస్తే రొద సగమే తగ్గింది. పిన్ని మండిపడుతూ ఇంటికొచ్చింది. "రేపు తీసుకెళ్ళి వాడి బల్ల మీద పడేస్తాను!"

బాబాయి దాన్ని ఆమె తలకు పెట్టించి, చొక్కా కాలరు చూసినట్టు చిటికెనవేలితో దిండు చుట్టూ తడిమాడు. "ఇదిగో, ఇక్కడ కుట్టు వదిలినట్టు సందుంది. నీ కళ్ళజోడు కాడ లావుగా ఉంది కదా, దిండును పైకెత్తేస్తోంది. చప్పుడంతా ఈ సందులోంచే దూరుతోంది."

"ఈ కళ్ళజోడే నాకు అందమన్నది మీరే కదా!"

"అన్నాను. అప్పుడు దాని మీద దిండు కట్టుకుంటావని నాతో చెప్పావా?"

మర్నాడు కొట్లు తెరవగానే ఇద్దరూ వెళ్ళి సన్నని తీగకాడల కళ్ళజోడు చేయించారు. ఆ సాయంత్రమే పరీక్ష.

విమానం నేల మీదే ఉంది. బ్రేకులు పెద్దసారు తొక్కిపట్టాడు. ఇంజను హోరెత్తింది. పిన్ని కళ్ళు మూసుకుంది. ఆ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాట్లు రెండుంటాయి. తాళంచెవి తిప్పి ఒకదాన్ని ఆపితే చప్పుడు కాస్త మారుతుంది.

"ఒకటి ఆపారు," అంది పిన్ని. కాసేపాగి, "కలిపారు" అంది.

తరువాత పెద్దసారు కావాలనే దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"నిద్రపోయారా మేడమ్?"

"మీరేం చెయ్యందే నేనేం చెప్పను?"

పెద్దసారు తాళంచెవి వదిలి, చప్పుడు కాకుండా ఇంకో బుడిపె లాగాడు. ఇంజను మళ్ళీ తగ్గింది.

"ఇది తాళంచెవి కాదు. ఇంజనులోకి వేడిగాలి వదిలారు. తాళంచెవి తిప్పితే తడబడుతుంది, ఇప్పుడు ఊరికే నీరసపడింది."

"చెవితో విన్నారా, సీటుతో విన్నారా?"

"ఇంజను ఏం చెప్పినా నేను ఒళ్ళంతా వింటాను. మీరు దేంతో వింటారు సార్?"

ఆయన నవ్వేసి ఇంజను ఆపాడు. "సీటు మీదే. దిగండి."

ఇద్దరూ షెడ్డు వైపు నడిచారు. ఎడమపక్కన నడుస్తూ ఆయనేదో అన్నాడు. పిన్ని పలకలేదు. ఆయన మళ్ళీ అన్నాడు. అప్పుడు పిన్ని ఆగి, హెడ్‌సెట్‌ను పసిబిడ్డలా గుండెకు ఆనించుకుని, ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్క సాయం చెయ్యాలి సార్. ఏటేటా నాకిదే పరీక్ష పెట్టండి. నేను తప్పిన రోజున ఇక చాలమ్మా అని మీ నోటితోనే చెప్పండి, ఇంకొకరి చేత కబురు పెట్టకండి. చెప్పేటప్పుడు మాత్రం నా కుడిపక్కకు వచ్చి చెప్పండి. ఎడమపక్క నుంచి చెప్పారో, నాకేం వినబడలేదని మర్నాడు పొద్దున్నే వచ్చి సీట్లో కూర్చుంటాను."