మూడు కంప్యూటర్లకు దసరా పూజ

కంప్యూటర్లను కూల్చడానికి దొంగలు వైరస్‌లు రాస్తారు, పాస్‌వర్డులు కొట్టేస్తారు. నేను ఒక్క కొబ్బరికాయతో కూల్చాను. ఎలాగంటారా, చెప్తాను. నవ్వు మాత్రం కాస్త దాచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

మెదక్‌లో మా పటేల్ వరికోత మిషన్లు కిరాయికి తిప్పుతారు. రైతులు ఫోన్లోనే బుక్ చేసుకుంటారు. ఆ బుకింగులు నడిపే కంప్యూటర్లు మూడు: మెదక్‌లో నా దగ్గర ఒకటి, కౌడిపల్లి ఆఫీసులో ఒకటి, ఎల్దుర్తిలో ఒకటి. రెండు పడిపోయినా మూడోది పని లాక్కొస్తుంది. నేనప్పటికి టెంపరరీ. పటేల్ మాట ఒక్కటే: "దసరా దాటేదాక ఒక్క నిమిషం బంద్ గావద్దు. గట్లయితే నీ నౌకరీ పక్కా."

పండుగకు వారం ముందు ఎవడో వేలకొద్దీ దొంగ బుకింగులు కుమ్మరించాడు. ఆపాను. కౌడిపల్లిలో కరెంటు పోయింది. తట్టుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ ముందే గెలిచేశాను, ఇల్లు మిగిలిపోయింది.

దసరా పొద్దున కౌడిపల్లి నుంచి యాదగిరి అన్న ఫోన్.

"తమ్మీ, ముహూర్తానికి కంప్యూటర్‌కు గూడ పూజ జేస్తం. బొట్టు వెట్టాలంటే బంద్ జేయాలె గద?"

"జేయుండ్రి అన్నా. ఇంక రెండున్నయ్."

కాసేపటికి ఎల్దుర్తి నుంచి సలీం భాయ్. "డ్రైవర్లు పూజ జేస్తమంటున్నరు. జర బంద్ జేస్తే పరేషాన్ ఏం లేదు గద?"

"ఏం లేదు భాయ్. ఇంక రెండున్నయ్."

తర్వాత నా వంతు. నడుస్తున్న కంప్యూటర్ మీద పసుపునీళ్లు చల్లకూడదు కదా? ఇంకా రెండున్నాయిలే అనుకుని ఆపేశాను. జిల్లా అంతటికీ ముహూర్తం ఒక్కటేనన్న సంగతి మా ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పలేదు. కొబ్బరికాయతో సెల్ఫీ దిగి, ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను.

వెంటనే పటేల్ ఫోన్. "ఏం రా శీనూ, ఒక్క రైతుకు గూడ బుకింగ్ అయితలేదట?"

"దాడి జరిగినట్టుంది పటేలా. మూడూ ఒక్కసారే పడినయంటే మస్తు పెద్ద ముఠా పనే."

"ఎస్సైకి చెప్పాల్నా?"

"జర ఆగుండ్రి, నేను పట్టుకుంట."

అంతలో గ్రూపులో టింగుమంటూ ఇంకో రెండు ఫోటోలు. కౌడిపల్లి కంప్యూటర్‌కు బంతిపూల దండ, ఎల్దుర్తిదానికి నిమ్మకాయలు. ఫోన్ పెట్టకుండానే పటేల్ కూడా చూసినట్టున్నారు.

"ముఠా దొరికిందిరా. కొబ్బరికాయ వట్టుకున్నోడే లీడర్ లెక్కున్నడు."

"నౌకరీ, పటేలా?"

"వచ్చే దసరాకు జూద్దాం."

కనుక అమ్మవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎల్దుర్తి కంప్యూటర్‌కు అష్టమి నాడు పూజ, కౌడిపల్లిదానికి నవమి నాడు. మెదక్‌దానికి దూరం నుంచి దండం.