సాల గడప, గమ్ బూట్లు

పరీక్షల్లో చాలామంది తల పనిచేయక తప్పుతారు. నేను కాళ్ళు పనిచేసి తప్పాను.

పశువైద్య సహాయకుల లైసెన్సుకు అప్పట్లో రంగూన్ శిక్షణ బడిలో ఏడాది చదువు, ఆస్పత్రిలో ముప్ఫై పనులు చేసి పుస్తకంలో సంతకాలు, బర్మా భాషలో రాత పరీక్ష, చివర ఇద్దరు సయాల ముందు బతికున్న ఆవుతో ప్రాక్టికల్. సయా అంటే మాస్టారు. ప్రాక్టికల్ తప్పితే ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ తప్పితే చదువూ, సంతకాలూ మళ్ళీ మొదటి నుంచి. రాత పరీక్ష గట్టెక్కాను. ప్రాక్టికల్ రోజున మాత్రం బడి వెనక పశువుల సాల గుమ్మం దగ్గరికి రాగానే గమ్ బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టి, ఒట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాను.

మా ఇంట్లో అదే పద్ధతి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి, చిమిండైంగ్‌లో నది ఒడ్డున రెండు గేదెల్ని పెట్టుకున్నాడు. చిన్నప్పుడు చెప్పులతో సాలలో అడుగుపెడితే అమ్మ చేతిలో చీపురు మాట్లాడేది. తర్వాత మేం గేదెల్ని వదిలి ఊళ్ళోనే సంచౌంగ్ పేటకు మారాం, నేను సూక్ష్మజీవుల గురించి బట్టీ పట్టాను. అది తలలో చేరింది గానీ కాళ్ళ దాకా దిగలేదు. ఆస్పత్రిలో సిమెంటు నేల గనక ఎప్పుడూ చిక్కు రాలేదు. ఆ రోజు పేడ వాసనా గడ్డి వాసనా కలిసి తగలగానే కాళ్ళు వాటి పని అవి చేసేశాయి.

పెద్ద సయా నా బూట్ల వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

“తమీ,” అన్నాడు. అమ్మాయీ అన్నట్టు. “బూట్లు బుద్ధిగా నిలబడ్డాయి. పరీక్ష వాటికి పెట్టి నిన్ను ఇంటికి పంపమంటావా?”

ఒక సాలలోని జబ్బు ఇంకో సాలకు మనుషుల కాళ్ళ మీదే ప్రయాణం చేస్తుంది. అందుకే శుభ్రత కింద మార్కులు పోతే మిగతావి చూడనే చూడరు. ఒట్టి కాళ్ళతో వెళ్ళినదాన్ని ఒట్టి చేతులతో తిరిగి వచ్చాను.

“ఏటే, ఆవుకి దండం ఎట్టీసి ఒచ్చీసినావా?” అన్నాడు మా అన్న. “హారతి కూడా ఇవ్వాల్సింది.”

“పళ్ళెం తీసుకెల్లలేదు గదేటి,” అన్నాను. అంతకుమించి మాట్లాడితే ఏడుపు వచ్చేది.

రెండో అవకాశం కోసం చూస్తుండగానే, సైనిక పాలన పోవాలంటూ ఊరు ఊరంతా రోడ్డెక్కింది. కాలేజీలు మూశారు. మా వీధిలోంచి జెండాలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ఆ తర్వాత తుపాకులు, కర్ఫ్యూలు. జ్వరాలకు కర్ఫ్యూ లేదు. పశువులకు అవి ఎప్పటిలాగే వస్తూనే ఉన్నాయి. ఆస్పత్రిలో మిగిలినవాళ్ళతో నేనూ ఉన్నాను. బయటి దేశాల సరుకు రావడం ఎప్పుడో తగ్గింది గనక గాజు సిరంజిలు ఉడకబెట్టి, మొద్దుబారిన సూదులు రాతి మీద నూరి వాడేవాళ్ళం. నా సంతకాల పుస్తకం అట్ట లోపలి వైపు కూడా నిండిపోయింది. రంగూన్ పేరు యాంగోన్‌గా మారింది. నా పేరు పక్కన ‘ట్రైనీ’ మాత్రం మారలేదు.

చివరికి కబురు వచ్చింది. శిక్షణ బడి ఇంకా తెరవలేదు గనక పరీక్ష చిమిండైంగ్‌లో ఒక సాలలో పెడతారట. ఆ సాల ఒక తెలుగు ముసలమ్మది. ఆమె నోటికి గేదెలూ మనుషులూ ఒకేలా దారి ఇచ్చేవాళ్ళు. పరీక్షకు ట్రైనీలం ముగ్గురం, సయాలు ఆ ఇద్దరే. నేను బూట్లు సంచిలో మోసుకెళ్ళి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బూట్లు తొడుక్కున్నాను. విప్పొద్దు, విప్పొద్దు అని కాళ్ళకు నచ్చచెబుతున్నాను. ఇంతలో ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

“ఏటి, బూట్లేసుకుని నా సాలలోకే? మీ దేవుడి గదిలోకీ అలగే ఎల్తారేటి?”

తెలుగు రాని పెద్ద సయా నా వైపు తిరిగాడు. బర్మాలో చెప్పాను.

“బూట్లు లేకుండా పరీక్ష లేదు,” అన్నాడు. “కర్ఫ్యూ లోపల మేం ఇళ్ళు చేరాలి. ఆవిడ ఒప్పుకోకపోతే రద్దు.”

రద్దయితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేని రోజులవి.

ఇద్దరి చట్టాలూ నాకు తెలుసు. ఒకటి చీపురు నేర్పింది, ఇంకోటి ఫెయిలై నేర్చుకున్నాను. ముసలమ్మ ఎటు చూస్తోందో గమనించాను. ఆమె చూపు సయా బూట్ల మీద ఉంది. ఆయన బస్సు దిగి, బజారు బురదంతా తొక్కుతూ వాటితోనే వచ్చాడు.

“మామ్మా, నా బూట్లు రోడ్డు తొక్కలేదు. సాల కోసమే సంచిలో తెచ్చినాను.”

“మరి ఆ పెద్దాయనవో?”

“కడిగిస్తాను.”

“ఎవులు, నువ్వు? నీ పరీక్ష ఆయన సేతిలో ఉంది గదే గుంటా.”

“అందుకే బయమేస్తంది. తొట్టి ఇయ్యి మామ్మా.”

తొట్టితో పాటు, గడప మీద చల్లే పసుపునీళ్ళ చెంబు కూడా పట్టుకొచ్చింది. తొట్టిలో ఫినాయిల్ కలిపాను. నా బూట్లు అడుగు దాకా రుద్దుకుని, బ్రష్షు పెద్ద సయాకు అందించాను.

“గుమ్మం దగ్గర రుద్దుకునే లోపలికి వెళ్ళాలని మీరే నేర్పారు, సయా.”

ఆయన బ్రష్షు అందుకున్నాడు. తర్వాత వంగి రుద్దడం మొదలుపెట్టాడు. మడమ దగ్గర మిగిలిన బురదను ముసలమ్మ వేలితో చూపించింది. దానికి నా అనువాదం అక్కర్లేకపోయింది. రెండో సయా, మిగతా ఇద్దరు ట్రైనీలు ఆయన వెనక వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి బూట్ల మీదా ముసలమ్మ పసుపునీళ్ళు పోసి పక్కకు తప్పుకుంది.

లోపల ఆవుకు జ్వరం చూశాను. మెడ మీద రక్తనాళం వేలితో నొక్కి ఉబ్బించి, రాతి మీద నూరిన సూదితో ఒక్క పోటుకే రక్తం తీశాను. ఆవు నెమరు ఆపలేదు. సయా కాగితంలో ‘శుభ్రత’ ఎదురుగా ఏం వేస్తున్నాడో తొంగి చూశాను. చూడకూడదు. పూర్తి మార్కులు.

“పోయినసారి నిన్ను నేను ఫెయిల్ చేశాను,” అన్నాడు, పాసైనట్టు చీటీ మీద సంతకం పెడుతూ. “ఈసారి నా బూట్లకు నువ్వు నన్ను ఫెయిల్ చేసేదానివే.”

బయటికి వస్తుంటే ముసలమ్మ కేకేసింది. “ఓలే దాక్టరమ్మా, మా నల్లావు దగ్గుతంది. రేపు రా.”

“దాక్టర్ని కాదు మామ్మా, సహాయకురాల్ని.”

“అలగే, సహాయం సెయ్యడానికే రా.”

బూట్లు విప్పి సంచిలో వేసుకుని, బస్సెక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక చూసుకున్నాను, నా చెప్పులు సాల గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. మళ్ళీ ఒట్టి కాళ్ళతోనే ఇల్లు చేరాను. గుమ్మంలో అన్న నా కాళ్ళ వంక చూసి నోరు తెరిచాడు. చీటీ తీసి వాడి చేతిలో పెట్టాను.