అమ్మాయి ఏదమ్మా?

మానసిక వైద్యశాల రెండో వార్డులో పంతొమ్మిదేళ్లుగా ఆయాగా పనిచేస్తున్న ఆమెను డాక్టర్ల దగ్గర్నుంచి రోగుల దాకా అందరూ ఆయమ్మ అనే పిలుస్తారు. నలభయ్యో ఏట ఆమెకు సైకాలజీ డిగ్రీ చదవాలని బుద్ధి పుట్టింది. పుట్టించింది ఒక కేసు ఫైలు.

వార్డులో ఒక పెద్దాయన ఎనిమిది రోజులు తిండి ముట్టలేదు. బతిమాలినా కసిరినా నోరు తెరవలేదు. తొమ్మిదో రోజు ఆయమ్మ కంచం ఆయన ముందు పెట్టి, తాను గోడవైపు తిరిగి దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి వెనక నుంచి చెంచా చప్పుడైంది. ఎవరైనా చూస్తుంటే ఆయన తినలేడు, అంతే సంగతి. ఆ మాట పరుగున వెళ్లి కుర్ర డాక్టరుకు చెప్పింది. అతను తలూపి, ‘మందు మార్చిన తరువాత తినడం ప్రారంభించాడు’ అని ఫైల్లో రాసుకున్నాడు. ఆయాల మాట ఫైలుకెక్కదట. ఆయమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే పన్నెండో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టి, రెండేళ్లు కుస్తీపట్టి పాసైంది.

డిగ్రీ అయ్యాక ఆమె చేరాలనుకున్న కౌన్సెలర్ శిక్షణలో నలభై అయిదు దాటినవాళ్లను చేర్చుకోరు. ఈ ఏడాది మూడేళ్ల డిగ్రీలో చేరితే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఈ శనివారం గడువు తప్పిందా, ఇక జన్మలో లేదు. అందుబాటులో ఉన్నవి మూడు యూనివర్సిటీలు. "పొద్దస్తమానం అక్కడ చేసే చాకిరీ చాలక, దానికి తోడు చదువు కూడానా?" అని సణిగిన మొగుడే, తాను నడిపే వ్యానులో ఆమెను రెండు చోట్లకు తిప్పాడు.

మొదటిది అద్దాల మేడ. అడ్మిషన్ల గదిలో కూర్చున్న పిల్ల రంగుల పుస్తకం చేతిలో పెట్టి, "అమ్మాయి ఏదమ్మా?" అంది. చదివేది నేనేనని ఆయమ్మ చెబితే కిసుక్కున నవ్వి, అమ్మాయిని తీసుకొస్తే అంతా తిప్పి చూపిస్తామంది. పుస్తకంలో ఈతకొలనుకు నాలుగు పేజీలు, సైకాలజీకి నాలుగు వాక్యాలు. చదివేవాళ్లను మనుషుల ముందు ఎప్పుడు కూర్చోబెడతారని అడిగితే, అన్నీ ఉంటాయట.

ఆయమ్మ పద్ధతి ఆయమ్మకు ఉంది. ఏ ఆసుపత్రి గుట్టయినా బోర్డు చెప్పదు, తుడిచేవాళ్లు చెబుతారు. వరండాలో నేల తుడుస్తున్న ఆవిడను పలకరించి సైకాలజీ లాబు సంగతి అడిగింది. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ముందురోజు తెరిచి దులుపుతానని, మళ్లీ తాళమేనని ఆవిడ చెప్పింది. పైన పటారం, లోన లొటారం.

రెండోది పేరున్న పాత యూనివర్సిటీ. మొదటి కిటికీ రెండోదాని దగ్గరికి పొమ్మంది, రెండోది మూడోదాని దగ్గరికి పంపింది, మూడో కిటికీలోని మనిషి భోజనానికి వెళ్లాడు. గంటన్నర తర్వాత వచ్చి, "అమ్మాయి రాలేదా?" అన్నాడు. అక్కడి ప్యూను చెప్పిన ప్రకారం, సైకాలజీ మేష్టారు రిటైరై రెండేళ్లయింది, లెక్కల మేష్టారే నెట్టుకొస్తున్నారు. ఆయమ్మ మెట్లమీద కూర్చుని ఏడ్చింది. దిగులుతో కాదు, కోపంతో.

మిగిలింది ఎవరూ పేరెత్తని మూడోది. శనివారం మొగుడికి బేరం ఉండడంతో రెండు బస్సులు మారి ఒక్కతే వెళ్లింది. అక్కడ క్లాసులు ఉదయం పూటే కాబట్టి మధ్యాహ్నం డ్యూటీ అందుకోవచ్చు. లాబు ముందు అటెండరు తాళాలగుత్తి పట్టుకుని చిరాగ్గా నిలబడి ఉన్నాడు.

"ఏం చెప్పమంటావమ్మా, ఒంటిగంటకు తాళం వేద్దామంటే ఈ పిల్లలు వెయ్యనివ్వరు. ఒకళ్లనొకళ్లు కూర్చోబెట్టుకుని ప్రశ్నలు, రాతలు. బుధవారం వస్తే వృద్ధాశ్రమం నుంచి ముసలాళ్లను తెస్తారు. కుర్చీలు మోయలేక చస్తున్నా."

ఆయమ్మకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే బల్ల మీద ఫారం నింపి కౌంటరుకు వెళ్లింది. "అమ్మాయి ఏదమ్మా?" అన్నాడు గుమాస్తా. ఈసారి ఫారం మీది ఫొటో చూపించింది. అతను ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, తల్లిదండ్రుల సంతకం ఏదన్నాడు. వాళ్లు పోయి పదేళ్లయిందని చెప్పింది. అయితే సంరక్షకుల సంతకం కావాలన్నాడు.

"నలభై రెండేళ్లదాన్ని, నాకు సంరక్షకులెవరండీ?"

"అది నాకు తెలీదమ్మా. గడి ఖాళీగా ఉంటే తీసుకోను. ఇంకో పావుగంటలో కౌంటరు మూసేస్తాం."

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఎక్కడికి వెళ్లినా ఉంటాడు. మొగుడు వ్యానేసుకుని ఎక్కడో ఉన్నాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. ఇన్నేళ్లలో ఎందరికి తినిపించింది, ఎందరికి తల దువ్వింది, ఎందరు పారిపోతుంటే వెంటపడి పట్టుకొచ్చింది! అంతమందిని చూసుకున్న మనిషికి ఈ ఒక్కదాన్ని చూసుకోవడం చేతకాదా? పెన్ను తీసి సంరక్షకుల గడిలో తన సంతకమే పెట్టింది. పక్కనే ‘విద్యార్థికి ఏమవుతారు?’ అని మరో గడి ఉంది. అందులో ‘ఆయా’ అని రాసింది.

గుమాస్తా చదివాడు. ఇంకోసారి చదివాడు. గడి నిండింది కదా అని ముద్ర కొట్టి, ఫారాన్ని ఫైల్లో పెట్టాడు.