ఖాళీ గుమ్మి

దయ్యాల కథలు చెబితే నాకు నవ్వొస్తుంది. శవాలను పూడ్చే బొందలగడ్డ పక్కన నడవాలంటే మా ఆడబిడ్డలు వణికేవాళ్ళు. నేనే ముందు నడిచి వాళ్ళను ఏడిపించేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది, కంది అనే ఊళ్ళో మా అత్తగారింట్లో జరిగింది. కొత్త జొన్నలు పోయకముందు గుమ్మిని లోపల పేడా మట్టీ కలిపి అలకాలి. గుమ్మి అంటే మనిషెత్తు వెదురు బుట్ట, పైన తప్ప దారి లేదు. అందరికంటే సన్నగా ఉన్నానని నన్నే దింపారు.

మా మామగారి తమ్ముడు, చిన్నమామ, బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చాడు. అక్కడ బుద్ధుడి బోధలు చెప్పే చోటికి పోయేవాడట. ఆ పొద్దున గుమ్మి పక్కన కూర్చుని అదే చెబుతున్నాడు.

"కన్ను సూస్తది, చెవి ఇంటది, మనసు దానికి పేరు పెడతది. వీట్ల నేను అనేటోడు యాడున్నడో దేవులాడు బిడ్డా, దొరకడు."

"నేను లేకుంటే మీకు జొన్నరొట్టె ఎవలు చేస్తరు మామా?" అని గుమ్మిలోంచే అన్నాను. అందరూ నవ్వారు. ఆయన పొలానికి వెళ్ళిపోయాడు.

అలకడం అయ్యాక అలిసిపోయి, అడుగున కూర్చుని కునుకు తీశాను. లేచేసరికి చీకటి. నేను ఎక్కి వెళ్ళిపోయాననుకుని, కోళ్ళు పడకుండా అత్త వంగి చూడకుండానే మూత వేసి, పైన విసురురాయి పెట్టింది. అది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎంత తోసినా మూత కదలలేదు. అరిచాను. ఇంట్లో ఎవరూ లేరు. పేడ వాసన, ఉక్క. మోచేతులు చాపే చోటు లేదు. ఊపిరి అందడం లేదు.

ఎందుకో చిన్నమామ మాట గుర్తొచ్చింది. ఇది వాసన. ఇది ఉక్క. ఇది గుండె కొట్టుకునే చప్పుడు. ఇది భయం. వీటిలో నేనేది? ఒక్కొక్కటీ పక్కన పెడుతూ పోయాను. నిజంగానే ఎవరూ దొరకలేదు. ఎవరిదో తెలియక భయం కూడా ఆగిపోయింది.

అప్పుడు మూత లేచింది. వెలుతురు, అందులో అత్త ముఖం. సూటిగా లోపలికి చూసింది.

"ఈడ గూడ లేదు. యాడ వోయిందో ఈ పిల్ల" అని గొణిగింది.

మూత మళ్ళీ పడింది. రాయి ఈడ్చిన చప్పుడు. అంతా కనిపించింది, వినిపించింది. కానీ అత్తా అని పిలవడానికి లోపల నేను అనే మనిషే లేదు.

అంతలో కాలి మీద చీమ కుట్టింది.

"అవ్వో! నన్ను కుట్టింది!"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే నా చేతులు, నా కాళ్ళు, నా ఏడుపు అన్నీ తిరిగొచ్చాయి. అత్త మూత తీసి, నన్ను చూసి, వెనక్కి కూలబడింది.

"నా కండ్లతోటి సూసిన. అడుగుదాకా సూసిన. నీ చేతి గుర్తులున్నయి, నువ్వు లేవు" అని ఇప్పటికీ ఒట్టేస్తుంది. ఆమె చూపు మంచిదే, మసక చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కిస్తుంది. నేను కట్టుకున్నది ఎర్ర చీర.

చిన్నమామకు చెబితే ముఖం పాలిపోయింది.

"నేను జెప్పింది గట్ల కాదు బిడ్డా" అన్నాడు.

"మరెట్ల?" అంటే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు గుమ్మిలో జరిగిందేమిటో నాకు నేటికీ తెలియదు. అత్త పిలిస్తే మాత్రం రెండోసారి పిలవనివ్వను. చేతిలో ఏ పనున్నా ముందు గట్టిగా అరుస్తాను.

"ఉన్న అత్తమ్మా, ఈడనే ఉన్న!"