సీటీ వింటే ఆగమన్న సారు

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా డ్రిల్ సారు పోయారు. ఖానాపూర్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు, నాకు తెలిసినవాడే, నిర్మల్‌లో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపించి, కిటికీలోంచే చెప్పాడు. "సార్, మీ కాలేజీల డ్రిల్ సారు పోయిండట. జుమ్మా నమాజు అయినంక మట్టి చేస్తరట." పిల్లలను పక్క తరగతి పంతులుకు అప్పజెప్పి, ఆ బస్సు తిరిగి వెళ్లేటప్పుడు అందులోనే ఎక్కాను.

ఆయన గురించి మీలో ఎవరూ విని ఉండరు. ఏ పేపర్లోనూ ఆయన పోయిన సంగతి రాదు. ఆయన కొలువు పోవడానికి కారణం నేను, కాబట్టి రాయాల్సిందీ నేనే.

నిజాం సర్కారు ఉన్నప్పుడు ఆయన ఫౌజులో ఉండేవారు, ఫౌజు టీములో ఫుట్‌బాల్ ఆడేవారు. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ ఫౌజూ లేదు, కొలువూ లేదు. బీడీ ఆకు కల్లాల దగ్గర కాపలా కాశారు, లారీ మీద క్లీనరుగా తిరిగారు. చివరికి కరీంనగర్‌లో ఒక కమిటీ నడిపే మా చిన్న కాలేజీలో డ్రిల్ సారుగా కుదిరారు. మేం చేరేనాటికి ఆయనకు నలభై దాటాయి.

మాకు బూట్లు లేవు. మా బాపు మగ్గం దగ్గర మిగిలిన గుడ్డ పేలికలు నేను తెచ్చేవాణ్ణి. మ్యాచ్ ముందు సారు నేల మీద కూర్చుని, ఒక్కొక్కరి పాదం తన మోకాలి మీద పెట్టుకుని ఆ పేలికలతో పట్టీలు కట్టేవారు. పెద్దాయన మన కాళ్లు ముట్టుకోవడమేమిటని నేను మొదటిసారి కాలు వెనక్కి లాక్కున్నాను. "ఫౌజుల గుర్రాల కాళ్లకు కట్టిన బేటా, నీది ఏం లెక్క?" అని మళ్లీ లాగి కట్టారు.

ఆయన అన్నిటికన్నా గట్టిగా నేర్పింది సీటీ. విజిల్‌ను మా దిక్కు అట్లాగే అంటాం. సీటీ మోగితే బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లు దాన్ని కింద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, నిటారుగా నిలబడాలి. "సీటీ ఇన్నంక సోంచాయించుడు లేదు" అనేవారు, ఆలోచించకుండా ఆగాలని. మేం ఆదమరిచి ఉన్నప్పుడు గోడ చాటునుంచి ఊది పరీక్షించేవారు. ఆగకపోతే మైదానం చుట్టూ మూడు రౌండ్లు. మా ఆట ఎంత అధ్వాన్నంగా ఉన్నా, ఆగడంలో మాత్రం మమ్మల్ని కొట్టే టీము లేదు.

ఆ ఏడు పోటీల్లో మొదటి నాలుగు మ్యాచులూ ఓడిపోయాం. గెలవని ఆటకు సారెందుకని కమిటీ పెద్ద అడిగాడట. ఆఖరి మ్యాచ్ మంచిర్యాలలో. బయల్దేరే ముందు సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, మా మొహాలు చూడకుండా చెప్పారు.

"దాచుడెందుకు బేటా. ఇది గెలిస్తె నేనుంట. గెలవకుంటె లేదు. గీ వయసుల మళ్ల కొలువు కోసం తిరుగుడు నాతోని గాదు."

బస్సులో కొంతదూరం, పడవలో గోదావరి దాటి వెళ్లాం. నేను గోల్‌కీపర్ని.

ఆ రోజు మావాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. మొదటి సగంలోనే ఒక గోల్ కొట్టాం. తర్వాత ఆటంతా మా గోలు ముందే. పట్టీలు నెత్తుటితో తడిశాయి. ఇంకో అయిదు నిమిషాలు ఉన్నాయనగా వాళ్లు కొట్టిన బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాను.

అప్పుడు సీటీ మోగింది.

బంతి కింద పెట్టాను. ఒక అడుగు వెనక్కి వేశాను. నిటారుగా నిలబడ్డాను. మావాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. వాళ్ల పిల్లవాడొకడు ఉరికొచ్చి, నా కాళ్ల ముందున్న బంతిని మెల్లగా లోపలికి తన్నాడు.

ఊదింది రిఫరీ కాదు. మైదానం గోడ అవతలి రైలు స్టేషన్‌లో ప్యాసింజరు బండి కదలడానికి గార్డు ఊదాడు. మంచిర్యాల పిల్లలు ఆ సీటీ వింటూనే పెరిగారు, వాళ్లకు పట్టలేదు. మా కరీంనగర్‌కు రైలే లేదు.

రిఫరీ గోల్ ఇచ్చాడు. సారు నా దగ్గరికి వచ్చారు. నేనింకా అట్లాగే నిటారుగా ఉన్నాను.

"సార్... సీటీ..." అన్నాను.

"ఇన్న బేటా. నేను గూడ నిలవడ్డ" అన్నారు.

మిగిలిన నిమిషాల్లో పిచ్చివాళ్లలా పరుగెత్తాం. ఏమీ కాలేదు. ఒకటికి ఒకటి, గెలుపు కాదు. తిరుగు పడవలో మావాళ్లెవరూ నా పక్కన కూర్చోలేదు. సారు కూర్చుని నా పట్టీలు విప్పారు.

ఆ ఏడాది చివర టీమూ పోయింది, ఆయన కొలువూ పోయింది. ఖానాపూర్‌లో కలప డిపో కాపలాకు కుదిరారని తెలిసింది. తర్వాత నాకు నిర్మల్‌లో పంతులు ఉద్యోగం వచ్చింది. రెండుసార్లు ఆ డిపో దాకా వెళ్లాను. గేటు దగ్గర స్టూలు మీద ఆయన్ను చూసి, ఏ మొహంతో పలకరించాలో తెలియక వెనక్కి తిరిగాను. పిరికితనం, ఇంకో పేరు లేదు దానికి.

మొన్న వాళ్లింటి ముందు నిలబడి నేనెవరో చెప్తే, పరదా వెనకనుంచి సారు భార్య మాట్లాడింది.

"గోల్‌కీపర్‌వా బిడ్డా? కమిటీ పెద్ద అప్పుడు కాయితం ఇచ్చిండు. 'నీ మాట ఆ పోరడు ఇనలే, తప్పు వానిదే అని రాసియ్యి, నీ కొలువు నిలవెడ్త' అన్నడు. నేను గూడ రాయమని ఏడ్సిన. ఈయన రాయలే. 'నేను చెప్పింది చెప్పినట్టు ఇన్నడు గద, ఎట్ల రాయాలె' అని కాయితం వాపస్ ఇచ్చిండు."

ఇన్నేళ్లలో ఒక్కసారి ఆ గేటు దాటి ఉంటే ఈ మాట ఆయన ముందే వినేవాణ్ణి, ఆయన చేతులు పట్టుకునేవాణ్ణి.

ఖబరస్తాన్‌లో వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరు మూడు గుప్పిళ్ల మట్టి వేస్తున్నారు. నేనూ వంగి మట్టి తీసుకుని ముందుకు నడిచాను. చేయి చాపాను గాని, గుప్పిట తెరవలేకపోయాను. వెనక జనం ఆగిపోయారు.

"జర జల్ది సార్, మట్టి ఇడువుండ్రి" అన్నారెవరో.

విడవలేదు. రెండు చేతులతో గుప్పిట బిగించి పట్టుకుని, గుండెకు అదుముకుని నిలబడ్డాను. మట్టే వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోయింది.