తారుమారు మరిది

ఒక మనిషి జన్మంతా ఏ కథ చెప్పినా తప్పుగానే చెప్పాడంటే, దాన్ని మతిమరుపు అనాలా, విద్య అనాలా? ఎంత ఆలోచించినా ఈ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. పొరపాటున తప్పు చెప్పేవాడు ఏదో ఒకనాడు పొరపాటున ఒప్పు కూడా చెప్పాలి కదా! అన్నగారింట్లో ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

ఇంటిల్లిపాదీ ఆయన్ని తారుమారు అనేవారు. వృత్తి గడియారాలు బాగుచేయడం. ఆవగింజంత చక్రాల్ని పట్టకారుతో పట్టి ఎక్కడివక్కడ అమర్చే ఆ చేతులకీ, ఆ నోటికీ ఏ చుట్టరికమూ ఉండేది కాదు. ఒకసారి ఏదో పెళ్ళికి వెళ్ళొచ్చి, పెళ్ళికొడుకు పీటల మీంచి పారిపోయాడని చెప్పాడు. పాపం, వదిన గబగబా చీర మార్చుకుని పెళ్ళికొడుకు తల్లిని ఓదార్చడానికి వెళ్ళింది. తలుపు తీసి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చినవాడు ఆ పెళ్ళికొడుకే.

"పారిపోయాడన్నావు కదయ్యా!" అని ఇంటికొచ్చి నిలదీసింది.

"మరి తిరిగొచ్చాడేమో వదినా. మంచి కుర్రాడు" అన్నాడు తారుమారు.

వానలు వెనకబట్టి, చలి ఇంకా గడప తొక్కని రోజుల్లో ఆ మహానుభావుడు ఒక సాయంత్రం చేతిసంచీతో దిగాడు. వాకిలి నిండా రాలిన ఆకుల్ని అప్పుడే ఊడ్చి కుప్పపోసింది వదిన. సరిగ్గా ఆ కుప్ప మీదే సంచీ పెట్టాడు.

"నెల్లాళ్ళుంటా వదినా. మా వీధిలో నీళ్ళ గొట్టాలు మారుస్తున్నారు."

అందులో నిజమెంతో కనుక్కునే ఓపిక ఆవిడకి లేదు. ఇంట్లో పరిస్థితి అలా ఉంది.

ఆవిడ భర్త, అంటే తారుమారుకి అన్నగారు, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మందు సీసా మీద అచ్చుతప్పు కనిపిస్తే మందు మానేసే రకం. ఆ వేసవిలో ఆయన చూపు నడిమధ్య మసక కమ్మింది. మనుషులూ తలుపులూ అంచుల్లో కనిపిస్తారు, అక్షరం కనిపించదు. ఇక చదవడం కుదరదని కళ్ళడాక్టరు తేల్చేశాడు. "నేను చదివి పెడతానుగా" అంది వదిన. "నేనేమైనా చంటిపిల్లాణ్ణా? నీ జాలి చదువులు నాకొద్దు" అని ఆయన కుర్చీని కిటికీవైపు తిప్పుకున్నారు. అప్పట్నుంచీ ఏమడిగినా "ఊఁ" తప్ప మాట లేదు.

పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటొకటుంది వాళ్ళకి. ఏటా ఈ ఆకులు రాలే నెలలో ఒక లావుపాటి నవల తెచ్చుకుని, ముందు ఆయనా వెనక ఆవిడా చదువుతూ, అన్నాల దగ్గర దాని గురించి పోట్లాడుకోవడం. ఈ ఏడూ నవల వచ్చింది. పోట్లాడే మనిషే లేకుండా పోయాడు. ఆవిడకి కావలసింది ఆ పోట్లాట ఒక్కటే. వచ్చిందేమో తారుమారు.

వచ్చిన మర్నాడే టీవీలో సీరియల్ దగ్గర మొదలుపెట్టాడు. "అన్నయ్యా, చూశావా, డాక్టరు కత్తి తీశాడు! ముసలాయన గుండెల మీద పెట్టాడు!"

"అది స్టెతస్కోపయ్యా బాబూ!" అంది వదిన.

"ముసలాయన చచ్చిపోయాడు."

"నిద్రపోయాడు! పక్కన కూతురు కూర్చుని దుప్పటి సర్దుతోంది. కనపడట్లా?"

"కూతురా? నేను పోలీసనుకున్నా. తెరంతా ఎవరో ఒకరు పోలీసులే కదా."

కిటికీ దగ్గర్నుంచి గొంతు వచ్చింది. "ఒసే, వాణ్ణి నోరు మూసుకోమను. నువ్వు చెప్పు, ఏం జరుగుతోందో."

అలా రోజూ సీరియల్‌ని సీనుసీనుకీ వర్ణించే పని ఆవిడ నెత్తిన పడింది. ఎవరు వచ్చారు, ఏ రంగు చొక్కా, ఎవరు ఎవర్ని చూసి మొహం తిప్పుకున్నారు, అన్నీ. ఆ గంట అయ్యేసరికి గొంతు ఎండిపోయేది. "ఈ మనిషి మళ్ళీ మా ఇంటికి రాకుండా ఆ గొట్టాలు గట్టిగా బిగించండిరా నాయనా" అని మనసులోనే మున్సిపాలిటీకి దండం పెట్టుకునేది.

వంటల కార్యక్రమం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవిడ బజారుకెళ్తూ, "ఆపిల్ కేకు చూపిస్తారట, కాస్త విని పెట్టు" అని తారుమారుకే పురమాయించింది. చేజేతులా చేసుకోవడమంటే అదే.

"ముందు పిండి కాల్చాలి వదినా. కాలాక పైన గుడ్లు కొట్టి పొయ్యాలి. ఆఖర్న చక్కెర మరిచిపోవాలి."

"మరిచిపోవాలా?"

"అలాగే అంది టీవీలో ఆవిడ. చాలా ముఖ్యం అంది."

"అలా అన్లేదురా వెధవా!" అని గర్జన. "గుడ్లూ చక్కెరా ముందు గిలక్కొట్టమంది. మరిచిపోవద్దంది. నా చెవులు బాగానే ఉన్నాయి." గోడ పట్టుకుని అన్నగారు వంటింట్లోకి వచ్చేశారు. గిన్నెలో వేలు పెట్టి పిండి జారుడు చూశారు. ఆపిల్ ముక్కలు లావయ్యాయని దెప్పారు. వేసవి తరవాత ఆయన వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదలు. వదిన అదేమీ గమనించలేదు. తారుమారు సాయం చేయబోయి పిండి డబ్బాని నేల మీద బోర్లించాడు మరి.

ఇక నవల. ఆవిడ మధ్యాహ్నం మంచం మీద ఒరిగి నాలుగు పేజీలు చదివి, పుస్తకం పక్కన పెట్టి కునుకు తీస్తే చాలు, తారుమారు దాన్ని తీసి తిరగేసి, వెళ్ళి అన్నగారి దగ్గర చెప్పేసేవాడు. ఏటి ఒడ్డున సత్రం నడిపే ఒక వితంతువు కథ అది.

"ఆవిడ ఏట్లో పడి పోయిందన్నయ్యా, నాలుగో అధ్యాయంలో."

"ఊఁ."

"ఏడో అధ్యాయంలో గుర్రాల వ్యాపారిని పెళ్ళి చేసుకుంది."

కుర్చీ కిర్రుమంది. "నాలుగులో పోయినావిడ ఏడులో పెళ్ళెలా చేసుకుంటుంది రా?"

"పోయాకే చేసుకుంది. పట్టుదల గల మనిషి."

"ఒసేవ్!" ఇల్లంతా అదిరిపోయింది. "ఆ పుస్తకం ఇలా పట్రా. నాలుగో అధ్యాయం తియ్. ఇది చదివించుకోవడం కాదు, గుర్తుంచుకో. సరిచూడ్డం. అచ్చాఫీసులో ఒకడు పైకి చదువుతాడు, ఒకడు సరిచూస్తాడు. అదీ పద్ధతి. కామాతో సహా చదువు."

వదిన కునుకు అలా గంగలో కలిసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తారుమారు బతికున్నవాళ్ళని చంపడం, చచ్చినవాళ్ళకి పెళ్ళిళ్ళు చేయడం; అన్నగారు మండిపడటం; ఈవిడ కూర్చుని సరిచూపించడం. "మంచు కురుస్తోంది కామా సత్రం తలుపు మూసి ఉంది ఫుల్‌స్టాపు" అని చదివి చదివి, కూరలవాడితో కూడా "వంకాయలు కామా ఉల్లిపాయలు" అనేసింది ఒకరోజు. ఆదివారం చూడ్డానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటమ్మా ఆ కేకలు?"

"ఆ వితంతువు చేసింది తప్పంటారు మీ నాన్న. ఆయనకేం తెలుసు, ఒంటరి ఆడదాని కష్టం!" అని వదిన పుస్తకం ఊపుకుంటూ మళ్ళీ గదిలోకి పరిగెత్తింది. కూతురు, బాబాయి ఒకర్నొకరు చూసుకున్నారు. బాబాయి కళ్ళజోడు తుడుచుకునే పనిలో పడ్డాడు.

గుట్టు బయటపెట్టింది పక్కింటి నర్సు. ఒక పొద్దున్న గోడ మీంచి, "మీ మరిదిగారు కథ ఎంత చక్కగా చెప్తారండీ!" అంది.

"ఏ కథ?"

"అదే, సత్రం కథ. పొద్దున్నే వరండాలో కూర్చుని చదువుతుంటారు కదా. నేను మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, చదివినంతా వరసగా అప్పజెప్తారు. గుర్రాల వ్యాపారి తాళంచెవి ఎక్కడ దాచాడో, వంటమనిషి ఎందుకు అలిగిందో, ఒక్క ముక్క పోదు."

వదిన చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది. తారుమారు పెరట్లో బఠాణీలు ఒలుస్తున్నాడు.

"ఏమయ్యా, నర్సుకి కథ సరిగ్గా చెప్తున్నావట?"

ఆయన మొహం దొంగతనం పట్టుబడ్డట్టు అయిపోయింది. "ఎవరన్నారు?"

"నర్సే."

"ఆవిడ నర్సు కాదు వదినా, టైలరు."

"మాట మార్చకు. పొద్దున్నే లేచి చదివి మరీ మాకు తప్పు చెప్తున్నావన్నమాట. ఏం పోయేకాలం?"

ఆయన గదివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒప్పు చెప్తే అన్నయ్య 'ఊఁ' అంటాడు వదినా. అంతే అంటాడు."

ఆవిడకి కోపమే వచ్చింది. "నాకైనా చెప్పొచ్చుగా? గొంతు పోయేలా కామాలు చదివించావు!"

"చెప్తే నీకు కోపం రాదు. నీకు కోపం రాకపోతే అన్నయ్య నమ్మడు" అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. తొక్కలు గిన్నెలోనూ గింజలు చెత్తబుట్టలోనూ వేస్తున్నాడు. అది మాత్రం కావాలని చేస్తున్నాడో, ఒళ్ళు తెలియక చేస్తున్నాడో ఆవిడకి అంతు పట్టలేదు. గింజలు ఏరుకుంటూ తిట్టవలసినవన్నీ తిట్టింది. ఇదివరకంత ఊపు రాలేదు.

ఆఖరి అధ్యాయం నాడు ఎండ మెత్తగా గదిలోకి వచ్చింది. తారుమారు తలుపు దగ్గర నిలబడి ప్రకటించాడు. "సత్రం తగలబడిపోతుందన్నయ్యా. అందరూ పోతారు. గుర్రం ఒక్కటే మిగులుతుంది."

"నీ మొహం!" అన్నారు అన్నగారు. కుర్చీ ఎప్పుడో కిటికీవైపు నుంచి మంచంవైపు తిరిగిపోయింది. "నువ్వు చదవవే."

ఆవిడ చదివింది. సత్రం తగలబడలేదు. వితంతువు గుర్రాల వ్యాపారిని పొమ్మంది. పొమ్మనాల్సింది కాదని ఈయన, పొమ్మనక ఏం చెయ్యమంటారని ఆవిడ. "మళ్ళీ చదువు, అక్కడ ప్రశ్నార్థకం ఉండాలి" అని ఈయన, "లేదు, ఫుల్‌స్టాపే ఉంది, నా కళ్ళు బాగానే ఉన్నాయి" అని ఆవిడ. అనేశాక నాలిక కరుచుకుంది. ఆయన పకపకా నవ్వారు.

ఆ నవ్వు సద్దుమణిగాక ఆవిడ తలెత్తి చూస్తే తలుపు దగ్గర ఎవరూ లేరు. లేచి వెళ్ళింది. చేతిసంచీ లేదు. గుమ్మంలో చెప్పులు లేవు. వీధి మలుపు దాకా చూసి, వెనక్కి వచ్చింది.

"వాడేడీ?" అన్నారు అన్నగారు.

"వెళ్ళిపోయాడండీ. మాటమాత్రం చెప్పకుండా!"

"నయం. చెప్తే అదీ తప్పే చెప్పేవాడు" అన్నారాయన. "కూర్చో. ఆ వాక్యం మళ్ళీ చదువు."